సంతోషమొస్తే భయపడేదాన్ని

సహోదరులారా, సహోదరీలారా, అందరికీ ప్రభువు పేరట వందనాలు. నా పేరు ఎస్తేరు రాణి, మాది పెనుకొండ. మా ఆయన ప్రకాశం బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. నేను అదే ఊర్లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఈ పొద్దు ధర్మవరంలో మీ కూటానికొచ్చి నాలుగు మాటలు చెప్పమని మీ పాస్టరమ్మగారు పిలిస్తే వస్తి గానీ, బస్సులో రెండుసార్లు దిగిపోదామా అనుకుంటి. ఎందుకంటే ఈ చెప్పబోయే దాంట్లో నాకు మంచి పేరొచ్చేది ఏమీ లేదు. అయినా ప్రభువు చేసిన మేలు కప్పిపెట్టుకుంటే రేపు ఆయన ముందర ఏ మొహం పెట్టుకుని నిలబడేది?

ఎనిమిదేండ్ల కింద, ఎండాకాలం సెలవులైపోయి బడి తెరిచిన వారం. ఒక పొద్దున పండ్లు తోముకుందామని బ్రష్ చేతికి తీసుకుంటి, దాని మీద పేస్టు వేసుకోవడానికి నాకు శాతకాలేదు! నవ్వుతారేమో, కానీ నిజం. ఆ చిన్న పని ఒక కొండ మాదిరి కనపడి, తొట్టి కాడ నిలబడి ఏడుస్తానే ఉంటి. ఆ పొద్దు మొదలు మూడు నెలలు మంచం దిగలే. బువ్వ నోట్లో పెట్టుకుంటే మట్టి నమిలినట్ల ఉండేది, బైబిలు తెరిస్తే అక్షరాలు కనపడేవి గానీ లోపలికి పోయేవి కావు, ఎనిమిదేండ్ల నా బిడ్డ గ్రేసీ తనంతట తనే వంకరటింకర జడేసుకుని బడికి పోతాంటే చూస్తా పడుకునేదాన్ని గానీ లేచి దువ్వెన పట్టుకోలేకపోతి. చూడ్డానికొచ్చినోళ్ళు మంచోళ్ళే, కానీ అందరూ ఒకటే మాట, "ఏదో ఒక పాపం ఒప్పుకోకుండా పెట్టుకున్యావు రాణీ, యెతుక్కో" అని. నేను నిజంగానే యెతుక్కుంటి! చిన్నప్పుడు పక్కింట్లో జామకాయ తెంపుకున్న పాపం కాడ్నించి ఒక్కటొక్కటే ఒప్పుకుంటా పోతి, ఎన్ని ఒప్పుకున్నా చీకటి కదల్లేదు.

అట్లుండగా ఒక రోజు ఎవరో తెర తీసేసినట్ల ఆ చీకటి పోయింది. లేచి తలకు పోసుకుని, ఇల్లంతా కడిగి, ఆదివారం గుడిలో పాట ఎత్తుకుంటే జనాలు కండ్లనీళ్ళు పెట్టుకున్నారు. అందరూ స్తోత్రం చేసినారు, నేనూ చేస్తి. మాకెవరికీ తెలీనిది ఏమంటే, నేను లేచిన కాడ నిలబడలే, ఇంకా పైకి పోతానే ఉంటి! నిద్ర రెండు గంటలు చాలు, అలుపనేదే లేదు. తలకాయలో ఆలోచనలు ఒకదాన్నొకటి తోసుకుంటా వచ్చేవి, నోరు వాటెనకాల పరిగెత్తేది, ఎదుటోళ్ళు ఒక మాట చెప్పేలోపల నేను పది చెప్పేదాన్ని. బడిలో నా పీరియడ్ అయిపోయినా వేరే టీచరమ్మను లోపలికి రానీకుండా బెంచీ ఎక్కి మధ్యాన్నం దాకా పాఠం చెప్తి. హిందూపురం బస్టాండులో ఎవరో ముక్కూమొహం తెలీని ఆడమనిషి "బాగుండావా అక్కా" అంటే, దేవుడే ఆమె నోట మాట్లాడినాడని మా అమ్మ పెట్టిన బంగారు గాజులు తీసి ఆమె చేతికి తొడిగేస్తి. ఆమె భయపడిపోయి, మా ఊరూ పేరూ నన్నడిగి కనుక్కుని, వాటిని మా ఆయనకు తెచ్చిచ్చింది, ఆ తల్లిని దేవుడు దీవించు గాక! బడోళ్ళు ఇంక రావద్దన్నారు.

మా ఆయన ఆటో తెచ్చి నన్ను ఆస్పత్రికి తీసకపోతాంటే, కట్టుకున్న మొగుణ్ణి పట్టుకుని "నువ్వు సాతానువి" అని వీధంతా వినేటట్ల అరిస్తి.  ఆయన నా చెప్పులు చేతిలో పట్టుకుని నా పక్కన కూర్చున్యాడు.

హిందూపురంలో ఆ డాక్టరమ్మ నాకు సూదేసి, మందులిచ్చి, నేను పది దినాలు నిద్రపోయి కాస్త మనిషినైనాంక, మా ఆయన్నీ మా అమ్మనూ కూర్చోబెట్టి అడిగింది. "మీ ఇంట్లో ఇట్లా ఇంకెవరికన్నా ఉండిందామ్మా?"

మా అమ్మ తల వంచుకుని చెప్పింది. "మా అమ్మకు ఉండింది మేడం. మా పుట్టినూరు అగళిలో. కొన్నాళ్ళు తెలుగులో కన్నడలో కలిపి పాడతా ఊరంతా తిరిగేది, కొన్నాళ్ళు గోడపక్కకు తిరిగి పడుకునేది. గాలి సోకిందని మంచానికి తాడేసి కట్టేటోళ్ళు." నాకు అంతవరకు ఆ సంగతే తెలీదు! మా అవ్వ చచ్చిపోయేదాకా ఆమెకేమి జబ్బో ఆ ఇంట్లో ఎవరికీ తెలీలేదు.

"దీన్ని బైపోలార్ అంటారు," అని డాక్టరమ్మ చెప్పింది. "మనసు ఒకసారి పాతాళానికి పోతాది, ఒకసారి పట్టరానంత పైకి పోతాది. ఇది పాపమూ కాదు, గాలీ కాదు, జబ్బు. లిథియం అని మాత్ర ఇస్తాండా. మూడ్ స్టెబిలైజర్ అంటారు దీన్ని."

అంతవరకు భయపడి కూర్చున్న మా ఆయన మొహం వెలిగింది. "స్టెబిలైజరా మేడం? అట్ల చెప్పండి! వోల్టేజి ఎక్కువొస్తే మోటారు కాలిపోతాది, తక్కువొస్తే తిరగలేక మూలుగుతా ఉంటాది. మా షాపుకొచ్చేటివన్నీ అవే కదా."

డాక్టరమ్మ నవ్వింది. "అంతే అప్పా. కానీ దీన్ని ఒక రోజు పెట్టి ఒక రోజు తీసేస్తే కుదరదు. బాగైనాంక కూడా వేసుకోవాల. బాగుండేదే దానివల్ల. మానాలన్నా, తగ్గించాలన్నా నన్ను అడక్కుండా చెయ్యొద్దు."

రెండేండ్లు వేసుకుంటి, బాగుంటి. చేతులు కొంచెం వణికేవి, దప్పిక ఎక్కువయ్యేది, ఒళ్ళు వచ్చింది. అన్నం వండుతాంటి, బిడ్డకు జడేస్తాంటి, ఆదివారం బడి పిల్లలకు పాటలు నేర్పిస్తాంటి. సహోదరులారా, ఆ మామూలు బతుకే దేవుడిచ్చిన వరమని నాకు తెలీకపోయె! లోపల్లోపల, అప్పుడు పాడినప్పుడు జనాలు ఏడ్చినారే, ఇప్పుడు ఏడవడం లేదే అని ఒక వెలితి. ఒక సహోదరి "ఇంకా మాత్రలు మింగతాండావా రాణీ, ప్రార్థన చెయ్యడం లేదా?" అన్నింది. ఆమె మీద నేను తప్పు వెయ్యను. మానెయ్యమని నాకు ఎవరూ చెప్పలే, నేనే, నా గర్వమే. ఒక మధ్యాన్నం మా ఆయన షాపులో ఉండగా ఆ మాత్రలన్నీ ఇంటి ముందర మోరీ కాలవలో పోసేస్తి. నాలుగు వారాలకు హిందూపురంలో ఒక పెద్ద కూటం జరిగితే, స్టేజీ ఎక్కి మైకు పట్టుకుని, "ప్రభువు నన్ను ముట్టినాడు! మాత్రలు పారేసినా! నేనిప్పుడు స్వస్థురాలిని!" అని సాక్ష్యం చెప్తి. పందిరంతా చప్పట్లు, హల్లెలూయాలు!

ఆ సాక్ష్యం అబద్ధం, సహోదరులారా. ఆ దినం చప్పట్లు కొట్టినోళ్ళల్లో ఎవరన్నా నా మాట నమ్మి ఇంటికి పోయి వాళ్ళ మాత్రలు కూడా పారేసినారేమో! ఎవరో నాకు తెలీదు, వాళ్ళ మొహాలు తెలీవు, వాళ్ళకేమైందో తెలీదు. ఈ భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు. దినామూ వాళ్ళ కోసం పేరు తెలీకుండానే ప్రార్థన చేస్తా.

మే నెలలో మా గుడిలో సెలవుల బైబిలు బడి జరుగుతాండె. అప్పటికే నాకు నిద్ర తగ్గిపోయింది, మాట వేగం పెరిగింది. మా ఆయన "మాత్ర వేసుకున్యావా?" అంటే "వేసుకున్యా" అని అబద్ధం చెప్పేదాన్ని. ఒక పొద్దున పదిన్నరకు, పద్నాలుగు మంది పిల్లల్ని వరుసగా నిలబెట్టి, కొండ మీద దేవుని అగ్ని దిగుతాది, చూపిస్తా రండి అని పెనుకొండ కొండెక్కిస్తి. ఒక్క నీళ్ళ సీసా తీసుకోలే. నాకు దప్పిక కాలే, ఎండ ఎండగా కనపడలే, రాళ్ళమీద మెరిసేదంతా మహిమగానే కనపడె. పిల్లలు పాడతా పాడతా వస్తిరి, తర్వాత పాట ఆగిపోయె, తర్వాత చిన్నోళ్ళు ఏడ్చబట్టిరి. నేను వెనక్కి తిరిగి కూడా చూడలే. మా పక్కింటి కిరాణా అంగడి లక్ష్మీదేవమ్మ కూతురు కీర్తన, ఏడేండ్ల బిడ్డ, వాళ్ళు మన విశ్వాసం కూడా కాదు, పాటలంటే ఇష్టమని నన్ను నమ్మి పంపింది ఆ తల్లి. ఆ బిడ్డ కండ్లు తేలేసి రాళ్ళమీద పడిపోయె.

అక్కడ ఒక ముసలామె గొర్రెలు మేపుతాండె. పరిగెత్తుకుంటా వచ్చి నా దావకు అడ్డం నిలబడింది.

"ఏమ్మా, నీకు తిక్కగానీ పట్టిందా? ఈ ఎండకు గొర్రెలే నీడకు జేరినాయి, పసిబిడ్డల్ని యాడికి తోలకపోతాండావు?"

"అడ్డం రావద్దు! ఆయన పిలుస్తాండాడు!" అని నేను ఆమెను తోసేస్తి.

అప్పుడు నా గ్రేసీ, పదేండ్ల బిడ్డ, ముందుకొచ్చి ఆ ముసలామె చెయ్యి పట్టుకునింది. "అవ్వా, మా అమ్మకు బాగలేదు. నీ కాడ ఫోను ఉంటే మా నాయనకు చెయ్యి. నంబరు నాకొచ్చు."

ఆ అవ్వ ఫోను గ్రేసీ చేతికిచ్చి, తన కాడుండే నీళ్ళు కీర్తన మొహాన కొట్టి, నోట్లో ఇంత పోసి, కొంగు తడిపి తల మీద వేసి, మిగతా పిల్లల్ని బండ నీడకు చేర్చింది. మా ఆయన, లక్ష్మీదేవమ్మ, గుడోళ్ళు నలుగురు ఆటోల్లో కొండ కిందికి వచ్చి, పైకి ఉరికొచ్చినారు. కీర్తనకు ఆస్పత్రిలో సెలైను ఎక్కించినారు, సాయంత్రానికి కండ్లు తెరిచి అమ్మా అనింది. బిడ్డ బతికింది! ఇంకొక అరగంటైతే ఏమయ్యేదో అని డాక్టర్లు అన్నారంట. ఆ అరగంట నాకు ఇప్పటికీ కలలోకి వస్తాది.

మళ్ళా హిందూపురం, మళ్ళా సూదులు, మళ్ళా మందులు. పైనున్న మనసు దిగొచ్చినాంక నేను చేసింది నాకు తెలిసొచ్చింది, తెలిసొచ్చిన దాంతో చీకటి ఈసారి ముందటికంటే లోతుగా కమ్ముకునింది. నేను లేకపోతేనే గ్రేసీకి మేలు అనే ఆలోచన ఒకటి వచ్చి కూర్చునింది, ఎంత తోసినా పోదు. దాన్ని ఎవరికీ చెప్పకూడదనుకుంటి. కానీ ఒక మధ్యాన్నం మా ఆయన సంగటి తినడానికి ఇంటికొస్తే, నోరు దానంతట అదే తెరుచుకుని చెప్పేస్తి. ఆయన తినే తట్ట పక్కకు పెట్టి, చెయ్యి కడుక్కోను కూడా మర్చిపోయి, నా చెయ్యి పట్టుకుని, "చెప్పినావు, అది చాలు. లే, పోదాం పా" అని, షాపు మూసేసి అప్పుడే వచ్చిన బస్సెక్కించి డాక్టరమ్మ దగ్గరికి తీసకపోయినాడు. ఆమె మందులు మార్చింది, కొన్నాళ్ళు ఆస్పత్రిలోనే పెట్టుకునింది. ఇట్లాంటి ఆలోచన వచ్చిన రోజే చెప్పాల, దాచకూడదు అని చెప్పింది. దాచుకుని ఉంటే ఈ పొద్దు మీ ముందర నేను ఉండేదాన్ని కాదు.

ఆ ఆస్పత్రి మంచం మీద నేను చేసిన ప్రార్థన ఇదొక్కటే. "ప్రభువా, నాకు పాట వద్దు, దర్శనం వద్దు. ఈ మాత్ర మింగే మనసియ్యి. రేపు కూడా ఇయ్యి." అంతే. పొద్దున అదే, మాపున అదే. పెద్ద వెలుగేం రాలే, స్వరమేం వినపడలే. నర్సమ్మ చిన్న గిన్నెలో మాత్ర, గ్లాసులో నీళ్ళు తెచ్చిచ్చేది, నేను మింగేదాన్ని. ఆయన జవాబు ఆ గిన్నెలో ఉండిందని అర్థం కావడానికి నాకు శానా దినాలు పట్టింది.

ఇంటికొచ్చినాంక మా గుడి పాస్టరు అయ్యగారు వచ్చినారు. వాక్యం చెప్తారేమో అనుకుంటి. ఆయన స్టూలు మీద కూర్చుని టోపీ చేతుల్లో తిప్పుకుంటా, "అమ్మా, నువ్వు ఆ పొద్దుల్లో నిద్రల్లేక మాట్లాడతాండేది నేను చూసినా. నీ పాటకు గుడి నిండుతాండె, నాకూ బాగుండె. అందుకే అడగలే. తప్పు నీదొక్కదానిదే కాదు" అని ఏడ్చినారు. ఒక దైవసేవకుడు నా ఇంట్లో కూర్చుని అట్ల ఏడవడం నేను ఎన్నడూ చూడలే. ఆ తర్వాత ఆదివారం గుడిలో అందరి ముందర ఆయనే చెప్పినారు, ఎవరూ ఎవరి మాత్రలూ మాన్పించకూడదని, ప్రార్థనా వైద్యమూ రెండూ దేవుని చేతిలోవేనని.

లక్ష్మీదేవమ్మ ఇంటికి పోయి కాళ్ళు పట్టుకుంటి. ఆమె నన్ను లేపింది గానీ, "నీది జబ్బని మీ ఆయన చెప్పినాడు. సరే. నేను నీ మీద కక్ష పెట్టుకోను. బిడ్డను మాత్రం ఇంక నీ దగ్గరికి పంపను" అనింది. ఆరేండ్లైంది, పంపలే. అడిగే హక్కు నాకు లేదు. ఎదురైతే "బాగుండావా" అంటాది, ఆ ఒక్క మాటకే నేను దేవునికి వందనాలు చెప్పుకుంటా.

ఇప్పుడు ఎట్లుండావు అని అడుగుతారు మీరు. జబ్బు పోయిందని ఈసారి చెప్పను. ఉండాది, దాన్ని అదుపులో పెట్టుకున్యాం. దినామూ లిథియం వేసుకుంటా, కొన్ని నెలలకొకసారి హిందూపురం పోయి రక్తపరీక్ష ఇస్తా, మందు రక్తంలో ఎక్కువైందా తక్కువైందా చూస్తారు, కిడ్నీలూ థైరాయిడూ చూస్తారు. థైరాయిడుకు ఒక మాత్ర తోడైంది. ఎండలో తిరిగేటప్పుడు నీళ్ళు మరవను, ఉప్పు ఒక్కసారిగా మానెయ్యను, వాంతులూ భేదులూ పట్టుకుంటే వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేస్తా, ఒళ్ళునొప్పులకు కూడా ఆమెను అడక్కుండా మాత్ర కొనుక్కోను. చేతులు వణుకుతాయి, బోర్డు మీద నా రాత వంకరపోతాది. వేరే బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు చెప్తాండా, మా హెడ్మిస్ట్రెస్‌కు నా జబ్బు సంగతి ముందే చెప్పే చేరినా. నిద్ర తగ్గితే అదే మొదటి గుర్తు. "మా, ఎన్ని గంటలు పడుకున్యావు?" అని గ్రేసీ అడిగితే కోపమొచ్చినా నిజమే చెప్పాలని మా ఇంట్లో ఒప్పందం.

గ్రేసీకి పదారేండ్లు. అది అద్దం ముందర గట్టిగా నవ్వినా నాకు గుండె ఝల్లుమంటాది, సెలవుల్లో పొద్దెక్కేదాకా పడుకున్నా ఝల్లుమంటాది. మా అవ్వ, నేను, ఇంక దీనికీ వస్తాదా? డాక్టరమ్మను అడిగితే, "రావచ్చు, రాకపోవచ్చు, శానా మంది బిడ్డలకు రాదు. వచ్చినా ఏం చెయ్యాలో మీ ఇంట్లో తెలుసు కదా" అనింది. ఆ భయాన్ని దినామూ ప్రభువు పాదాల కాడ పెడతా, మళ్ళా నేనే ఎత్తుకొచ్చుకుంటా, మళ్ళా పెడతా. నా విశ్వాసం ఇంతే, ఇంతకంటే ఎక్కువని చెప్తే అది ఇంకొక అబద్ధమవుతాది.

ఇంకొక భయం ఉండేది. సంతోషమంటే భయం! మన గుళ్ళో సంతోషించమని చెప్తారు, నాకు సంతోషమొస్తే చాలు, ఇది దేవుడిచ్చిందా, జబ్బు లేస్తాండాదా అని ఒళ్ళు చల్లబడేది. పోయిన ఈస్టరుకు పాట పాడతాంటే లోపల్నించి ఏదో ఉప్పొంగి కండ్లనీళ్ళు కారిపోయినాయి. నేను పాట మధ్యలో ఆపేసి బయటికి పరిగెత్తి, గుడి మెట్ల మీద కూర్చుని, గ్రేసీని పిలిచి, "నేను బిన్నబిన్నా, ఆగకుండా మాట్లాడతాండానా? చూసి చెప్పు!" అని దాన్ని కూడా హడలగొట్టేస్తి. సోమవారం పొద్దున్నే డాక్టరమ్మ దగ్గర కూర్చుంటి.

"ఎన్ని గంటలు నిద్రపోయినావమ్మా?" అని అడిగింది.

"ఏడు గంటలు మేడం."

"మాత్రలు?"

"ఒక్క పూట కూడా తప్పలే."

"పాట అయిపోయినాంక ఏం చేసినావు?"

"ఇంటికి పోయి చారు పెట్టినా. తిని పడుకున్యా."

రక్తపరీక్ష కూడా చూసి, అద్దాలు తీసి నా మొహంలోకి చూసి ఆమె చెప్పింది, "ఇది ఉత్త సంతోషమేనమ్మా. జబ్బు కాదు. పడుకుని లేచి వంట చేసుకునే సంతోషాన్ని చూసి భయపడొద్దు."

నేను ఆ కుర్చీలోనే "స్తోత్రం ప్రభువా!" అని గట్టిగా అనేస్తి, బయట వరుసలో కూర్చున్నోళ్ళంతా తొంగిచూసినారు! ఎన్నో ఏండ్లకు ఒక సంతోషాన్ని నాదే అని ఇంటికి తెచ్చుకున్యా.

నా ప్రియులారా, మీ ఇంట్లో ఎవరన్నా మంచం దిగలేకుండా ఉంటే, లేకపోతే నిద్రే లేకుండా ఆగకుండా మాట్లాడతా, లేనిపోనివి చేస్తా ఉంటే, వాళ్ళకు పాపమని పేరు పెట్టొద్దండి, దయ్యమని కట్టెయ్యొద్దండి. చచ్చిపోవాలని ఒక్క మాట అన్నా ఆ మాట విన్న రోజే తీసకపోండి, రేపనొద్దండి. మాత్ర ఇస్తే మింగించండి, మానెయ్యాలనిపిస్తే డాక్టరును అడగండి. ప్రార్థన చెయ్యండి, చేస్తానే బస్సెక్కండి. ఒంటరిగా పోవడానికి భయమేస్తే, సిగ్గేస్తే, ఈ కూటం అయిపోయినాంక నా దగ్గరికి రండి. నేను వచ్చే మంగళవారం హిందూపురం పోతాండా, తోడు తీసకపోతా, పేరు పిలిచేదాకా పక్కనే కూర్చుంటా. ప్రభువు మీ చెయ్యి విడవడు. చెయ్యి వణికే నన్నే విడవలేదు! మహిమంతా ఆయనకే, ఇప్పుడూ ఎల్లప్పుడూ. ఆమేన్.